నీలి చుక్క బుడ్డి

"పప్పు మాడి బొగ్గయితున్నది. పక్కనే నిలవడి గ్లాసులు తుడుస్తున్నవ్. ముక్కు లేదా నీకు?"

పదకొండు రోజుల మౌనం తరువాత అత్తగారు తనతో నేరుగా పలికిన మొదటి మాట అది. ఉదయశ్రీ ఉలిక్కిపడి పొయ్యి వైపు తిరిగింది. గిన్నెలోంచి లేచిన పొగ వంటింటి కిటికీ అద్దాన్ని అప్పటికే మసకబార్చింది. సుభద్ర మసిగుడ్డతో గిన్నె పట్టుకుని బాల్కనీలోకి తీసుకుపోయి నేలమీద దించి, తిరిగి వచ్చి గుమ్మంలోనే ఆగిపోయింది.

పొగ కళ్లను మండిస్తోంది. దానికి వాసన మాత్రం లేదు.

"లేదు అత్తమ్మా," అంది ఉదయశ్రీ.

"ఏంది లేనిది?"

"ముక్కు. మార్చి ఆఖర్న జ్వరం వచ్చింది చూడండి, అప్పటినుంచి. కాఫీ, సబ్బు, పొగ, ఏదీ తెలుస్తలేదు."

సుభద్ర ఆమెను ఎగాదిగా చూసింది. తరువాత బల్లమీద బారులు తీరిన గ్లాసులను, లాప్‌టాప్‌ను, గోడ గడియారాన్ని చూసింది. పదిన్నర దాటింది.

పడకగది తలుపు తెరుచుకుంది. సందీప్ హెడ్‌ఫోన్స్ మెడలోకి దించుకుంటూ వచ్చాడు. కరోనాకు వాల్డార్ఫ్‌ ఊళ్లోని ఆఫీసు మూతపడ్డనాటినుంచి ఆ పడకగదే అతని ఆఫీసు.

"ఏమైంది? పొగేంది?"

"పొగ గాదురా. నీ పెండ్లానికి వాసన తెలుస్తలేదంట. ఎనిమిది వారాలాయె. నీకెరికేనా?"

సందీప్ భార్య వైపు తిరిగాడు. "నాక్కూడా పోయింది కదా, టెన్ డేస్‌ల వచ్చేసింది. నీకూ వచ్చిందన్నవ్ కదా?"

"అన్నాను," అంది ఉదయశ్రీ.



సందీప్ ముఖం మెల్లగా రంగు మారింది. "ఉదయా, మరి ఆ సాంపిల్స్?"

అసలు సంగతి అదే. జర్మన్ వైన్‌ను జపాను వారికి పరిచయం చేయడం ఉదయశ్రీ వృత్తి. హైదరాబాదులో ఆమె చదివిన జపనీస్ భాష, ఈ దేశం వచ్చాక నేర్చిన జర్మన్, ఆపై పట్టుదలతో సాధించిన వైన్ విద్య, మూడూ కలిసి ఆమెకు ఆ బతుకుతెరువు చూపించాయి. రైన్ నదికి ఆవల ద్రాక్షతోటలున్న ఫ్రౌ ట్రౌటెల్ అనే వితంతువు తరఫున ఏడాదికి రెండుసార్లు టోక్యో వెళ్లి, అక్కడి దుకాణదారుల ముందు సీసాలు తెరిచి, ఒక్కో వైన్ వెనక ఉన్న నేలను, వానను వాళ్ల భాషలో చెప్పి వచ్చేది. జర్మన్లు పీచ్ పండన్నచోట ఆమె అట్లాగే వదిలేసేది కాదు. వాళ్ల పెరటి యూజు నిమ్మనో, ఉప్పులో ఊరిన ఉమె పండునో వెతికి పట్టుకొచ్చేది. ఎవరికైనా ఒక వాసన పరిచయం కావాలంటే దానికి వాళ్లింట్లో వాడే పేరు పెట్టాలన్నది ఆమె సిద్ధాంతం.

విమానాలు ఆగిపోయాక ఆ పని ఈ వంటింటి బల్లమీదికి వచ్చింది. నాలుగు రకాల వైన్. ఒక్కో రకానికి మూడు సీసాలు. ఒక్కో సీసా తెరిచి తొమ్మిది చిన్న బుడ్డీలలోకి వంపి, ఎనిమిదింటిని జపానుకు పంపి, ఒకటి తన దగ్గర అట్టిపెట్టుకుంది. ఏ బుడ్డి ఏ సీసాలోదో తెలియడానికి మూతలమీద ఎరుపు, పసుపు, నీలి చుక్కలు అంటించి, ఏ రకంలో ఎవరికి ఏ రంగు పోయిందో జాబితా రాసుకుంది. ఇరవైనలుగురు దుకాణదారులు ఈరోజు టోక్యో వేళ ప్రకారం సాయంత్రం ఏడింటికి, ఇక్కడ మధ్యాహ్నం పన్నెండింటికి, ఆ బుడ్డీలు ముందు పెట్టుకుని తెరమీద కూర్చుంటారు. ఫ్రౌ ట్రౌటెల్ సీసాలు జపానులో నిలబడతాయా లేదా, జూన్‌తో ముగిసే ఉదయశ్రీ కాంట్రాక్టు స్థిరపడుతుందా లేదా, రెండూ ఆ గంటలోనే తేలాలి.

సీసా తెరిచినవాళ్లు వంపేముందు వాసన చూసి తీరాలన్నది ఆ వృత్తిలో నియమం. ఫ్రౌ ట్రౌటెల్ పంపిన కాగితంలో అందుకు ప్రత్యేకంగా ఒక గడి ఉంది: 'పరీక్షించాను.' ఉదయశ్రీ పన్నెండు సీసాలూ తెరిచింది. పన్నెండు గళ్లలోనూ టిక్కు పెట్టింది. ఇప్పుడా సంగతి ఇద్దరికీ చెప్పేసింది.

"చూడకుండనే టిక్కు పెట్టినవా?" సుభద్ర గొంతు పెరగలేదు.

"రెండ్రోజుల్లో వచ్చేస్తుందనుకున్నా అత్తమ్మా. రోజూ పొద్దున్నే నిమ్మకాయ కోసి చూసుకునేదాన్ని. రాలేదని చెప్తే ఆ పని ఇంకొకరికి పోతుంది. సిగ్గేసింది. ఆ తర్వాత భయమేసింది."

"గీ ఇంట్ల అందరిదీ ఒకటే రోగం," అంది సుభద్ర కొడుకు వైపు చూస్తూ. "నీ భార్య ఏం పని చేస్తదిరా అంటె జపానోళ్లకు ద్రాక్షరసం అమ్ముతదంటివి. కింద సామాన్ల కెల్లర్‌ల సూట్‌కేసుకు పోయి ఆ పెట్టెలు సూడకపోతే ఇప్పటికీ అదే నమ్ముతుంటి."

"అమ్మా, నువ్వు ఫీలవుతవని..."

"కల్లు ఎరుగనిదాన్నారా నేను? ఈతచెట్టు లేని చెల్క ఉన్నదా మా దిక్కు? తాగేదానికి గాదు నాకు మండింది. తల్లికి చెప్పరాదా అని మండింది."

ఫిబ్రవరిలో మూడు నెలలకని వచ్చి, విమానాలు లేక చిక్కుపడిపోయింది సుభద్ర. వీసా పొడిగింపుకు అపాయింట్‌మెంట్ కోసం సందీప్ రాసిన ఈమెయిళ్లకు లెక్కలేదు. ఈ పదకొండు రోజులూ ఆమె తన అన్నం తానే వండుకుని, బాల్కనీలో కూర్చుని తింది. కోడలు పలకరిస్తే గోడకు సమాధానం చెప్పింది.

అటువంటి మనిషి ఇప్పుడు కుర్చీ లాక్కుని బల్ల ముందు కూర్చుంది.

"అవి ఇటు తే."

"ఏవి?"

"తలా ఒకటి దాచిపెట్టినవ్ గదా. పాలకేంద్రంల మేము గూడ దాస్తుంటిమి, రేపు తగాదా వస్తె సూపెట్టనీకి. తే."

"అది వైన్ అత్తమ్మా."

"తాగుమన్నవా ఏంది? మూత తియ్యి."

జనగామ దగ్గరి పాలకేంద్రంలో ఇరవై ఆరేళ్లు పనిచేసింది సుభద్ర. తెల్లవారుజామున చుట్టుపక్కల ఊళ్లనుంచి పాల క్యాన్లు దిగేవి. ఒక్కో క్యాను మూత తీసి, ముక్కు పెట్టి, పాలు ట్యాంకులోకి పోవచ్చో లేదో తేల్చేది ఆమె. ఒక్క క్యాను విరిగిన పాలు కలిశాయంటే ట్యాంకరంతా పోతుంది. ఆ సంగతి ఈ ఇంట్లో అందరికీ తెలుసు. దాన్నొక విద్యగా మాత్రం ఎవరూ ఎన్నడూ లెక్కపెట్టలేదు. ఉదయశ్రీ కూడా.

మొదటి రకం మూడు బుడ్డీలూ చూసింది. "కోసిన గడ్డి. బీరకాయ తొక్క."

రెండో రకం. "నిమ్మాకు నలిపినట్టున్నది. దాని కింద... బండమీద చినుకు పడ్డట్టు."

ఉదయశ్రీ చేతిలోని కలం ఆగిపోయింది. తన పుస్తకంలో ఆ వైన్ పక్కన గత ఏడాది రాసుకున్నది ఇంచుమించు అదే. ఆ తోటలో నేలంతా పలకరాయి.

మూడో రకం బుడ్డి ముక్కు దగ్గరికి పోతూనే సుభద్ర తల వెనక్కి లాక్కుంది. "ఛీ! కిరసనాయిలు! ఇది పాడైంది."

ఉదయశ్రీ నవ్వింది. ఎన్ని వారాలకో వచ్చిన నవ్వు. "కాదత్తమ్మా. పదమూడేళ్ల రీస్లింగ్ వైన్ అది. ఆ వాసన వస్తేనే దానికి విలువ."

"రేషన్ షాపుల క్యూ కట్టి తెచ్చుకుంటిమి గదనే గా వాసన! జపానోళ్లు పైసలిచ్చి కొంటరా?"

"మురిసిపోయి కొంటారు."

"కొంటె కొననీ. రెండోది గూడ కిరసనాయిలే." సుభద్ర మూడోది, నీలి చుక్క ఉన్నది, అందుకుంది. వాసన చూసింది. మళ్లీ చూసింది. మాట్లాడలేదు. బల్లమీదున్న మూత తీసుకుని బుడ్డికి గట్టిగా బిగించి, దాన్ని పక్కకు జరిపింది.

"అత్తమ్మా?"

"మంచి పాలైతే మూత తీసే ఉంచుతం, పొయ్యనీకి. చెడ్డయైతే మూత పెడ్తం. మాట్లాడేది ఉండదు. తెచ్చినోడు మూత సూస్తె సమజైతది."

"ఏ వాసన?"

"కిరసనాయిలు లేదు. ఏమీ లేదు. వానకు నానిన అట్టపెట్టె. దాణా బస్తా అడుగున బూజు పట్టినట్టు."

ఉదయశ్రీ కుర్చీ వెన్ను పట్టుకుంది. ఆ వాసన పేరు ఆమెకు తెలుసు. బెరడుతో చేసిన కార్కు బిరడా చెడితే సీసాలోని వైన్ అట్లాగే చచ్చిపోతుంది. ప్రాణానికి హాని లేదు, పరువుకే హాని. మొదటి రెండు రకాలకూ తిప్పి తీసే మరమూతలు కాబట్టి భయం లేదు. ఈ మూడోదానికి, నాలుగోదానికి బెరడు బిరడాలు. వంపేముందు ఒక్కసారి ముక్కున్న మనిషి చూసి ఉంటే ఆ సీసా సింకులోకి పోయేది. ఇప్పుడది ఎనిమిది ఇళ్లలోకి పోయింది.

జాబితా తీసింది. నీలి చుక్క బుడ్డీలు వెళ్లినవాళ్లలో మొదటి పేరు మొరితా గారిది. ఫ్రౌ ట్రౌటెల్ సరుకును జపానుకు దిగుమతి చేసుకోవాల్సిన పెద్దమనిషి ఆయనే.

"సరే, పానిక్ కావద్దు," అన్నాడు సందీప్. "ఇరవైనాలుగుల ఎనిమిది. పదహారు మందికి పర్ఫెక్ట్. ఆ ఎనిమిది మంది ఇది గిట్లనే ఉంటదేమో అనుకుంటరు. జపనీస్ వాళ్లు మస్త్ పొలైట్. ఒక్క మాట అనరు."

"అనరు. నా భయం అదే. తల ఊపుతారు, మర్యాదగా థాంక్స్ చెప్తారు, జన్మలో మళ్లీ ఆ సీసా ముట్టరు. ఎందుకు ముట్టలేదో ఫ్రౌ ట్రౌటెల్‌కు ఎప్పటికీ తెలీదు."

"మరి నీకు వాసన రాదని నువ్వే చెప్తవా? వాసన తెలియని వైన్ స్పెషలిస్ట్! ఎవడు పెట్టుకుంటడు నిన్ను?"

"ద్రాక్షరసమని చెప్పినందుకు ఈ ఇల్లు ఎట్లా అయిందో చూస్తూనే ఉన్నాం కదా."

సందీప్ హెడ్‌ఫోన్స్ తీసి బల్లమీద పెట్టాడు. తరువాత గొంతు తగ్గించాడు. "ఒక పని చేద్దాం. మొరితా గారితో మూడో బుడ్డి పార్సెల్‌ల డ్యామేజ్ అయిందని చెప్పు. మిగతావాటికి అమ్మ కెమెరా పక్కన కూసుంటది. వాసన చూసి మెల్లగ చెప్తది. నువ్వు జపనీస్‌ల చెప్పు. ఎవరికి తెలుస్తది?"

ఉదయశ్రీ తల దించుకుంది. అతను చెప్పడానికి ఒక్క నిమిషం ముందు ఆ ఆలోచన ఆమెకూ వచ్చింది. వచ్చి, చాలా హాయిగా అనిపించింది.

"నా ముక్కు కావాల్నంటె ఇస్త," అంది సుభద్ర. "మీ అబద్ధానికి మాత్రం ఇయ్య. ఇరవై ఆరేండ్లు సర్పంచు క్యానుకు గూడ మూత పెట్టిన. ఇప్పుడు దొంగసాటున కూసోని గుసగుసలు చెప్పాల్నా?"

బాల్కనీలో మాడిన గిన్నె చల్లబడుతూ టిక్కుమంది.

"నాలుగోది ఒకటే మిగిలింది అత్తమ్మా. అది కూడా చూస్తారా?" ఉదయశ్రీ గొంతులో ఒక నిర్ణయం గట్టిపడుతోంది.

"ఇప్పుడు గాదు. చెడ్డ క్యాను సూసినంక ముక్కు మొద్దువారుతది. మొఖం కడుక్కొని గంటసేపు గాలికి కూసోవాలె. లేకపోతె మంచిది గూడ చెడ్డగనే తోస్తది."

ఆ నాలుగోదే అన్నిటికంటే విలువైనది. ఫ్రౌ ట్రౌటెల్ భర్త తన చేతులతో కోయించిన చివరి పంట అది. మొరితా గారు ఉత్తరాల్లో పదేపదే అడిగింది దాని గురించే.

పదకొండున్నరకు ఉదయశ్రీ ఫ్రౌ ట్రౌటెల్‌కు ఫోన్ చేసింది. జర్మన్‌లో, ఒక్క వాక్యమూ మెత్తబరచకుండా, మార్చి నాటి జ్వరంనుంచి నీలి చుక్క వరకు అంతా చెప్పింది. అవతల ఎక్కడో ట్రాక్టరు శబ్దం.

"మీరు టిక్కు పెట్టారు," అంది చివరికి ఫ్రౌ ట్రౌటెల్.

"పెట్టాను."

"నా భర్త వైన్‌కు కూడా?"

"దానికి కూడా."

ట్రాక్టరు శబ్దం ఆగింది. "బిరడా చెడడం నా దురదృష్టం, శ్రీమతి ఉదయశ్రీ. టిక్కు మీది. ఏం చెప్పాలో మీరే తేల్చుకోండి. నేను ఈరోజు తెర ముందుకు రాను." ఫోన్ ఆగిపోయింది.

పన్నెండు గంటలు. తెరమీద ఒక్కొక్కటిగా ఇరవైనాలుగు కిటికీలు వెలిగాయి. ప్రతి కిటికీలో ఒక ముఖం, దాని ముందు నాలుగు చిన్న బుడ్డీలు, ఒక గ్లాసు. పై వరుస మధ్యలో మొరితా గారు, డెబ్బై దాటిన మనిషి, ఇస్త్రీ చేసిన తెల్ల చొక్కా. ప్రతి వైన్ దగ్గరా తన అభిప్రాయం చెప్పకముందు, చెప్పేవాళ్లను ఒక ప్రశ్న అడగడం ఆయనకు అలవాటు: 'మీకు ఏమి కనబడింది?' ఆ ప్రశ్ననుంచి ఎవరూ తప్పించుకోలేరు.

సందీప్ పడకగది గుమ్మంలో చేతులు కట్టుకుని నిలబడ్డాడు. సుభద్ర కెమెరాకు అందని మూల, కిటికీ పక్కన, కడిగిన ముఖంతో కూర్చుంది.

ఉదయశ్రీ నమస్కారానికి వంగి, లేచి, సిద్ధం చేసుకున్న కాగితాన్ని బోర్లా పెట్టింది.

"మొదటి బుడ్డి తెరవకముందు మీ అందరికీ ఒక సంగతి చెప్పాలి," అంది జపనీస్‌లో. "ఎనిమిది వారాలుగా నాకు వాసన తెలియదు. తెలియకుండానే ఈ సీసాలు తెరిచాను. పరీక్షించానని గడిలో టిక్కు పెట్టాను. మూడో వైన్‌లో నీలి చుక్క వేసిన బుడ్డీలు చెడిపోయాయి. తప్పు తోటది కాదు, నాది. దయచేసి ఆ వైన్‌ను వాటినిబట్టి కొలవవద్దు."

మళ్లీ వంగింది. వంగినదల్లా చాలాసేపు లేవలేదు.

లేచేసరికి ఇరవైనాలుగు ముఖాలూ కదలకుండా ఉన్నాయి. ఎవరో ఒకరు గొంతు సవరించుకున్నారు. కింది వరుసలో ఒక కిటికీ ఆరిపోయింది. దాని పక్కది కూడా. ఇరవైరెండు.

మొరితా గారు కళ్లద్దాలు తీసి బల్లమీద పెట్టారు. మూడో బుడ్డి అందుకుని, నీలి చుక్కను వేలితో ఒకసారి తడిమి, మూత తీసి, కళ్లు మూసుకుని వాసన చూశారు. అద్దాలు మళ్లీ పెట్టుకోవడానికి ఆయనకు పట్టిన కాలం ఉదయశ్రీకి ఒక జన్మంత తోచింది.

"నిజమే," అన్నారు. "పోయింది. అయితే మీకు వాసన తెలియదన్నారు. దీన్ని కనిపెట్టింది ఎవరు?"

"మా అత్తగారు. పాలకేంద్రంలో ఇరవై ఆరేళ్లు పాలు పరీక్షించారు. వైన్ ఎన్నడూ తాగలేదు."

"ఆమె అక్కడే ఉన్నారా?"

"ఉన్నారు."

"నాలుగో వైన్ కోసం నేను రెండేళ్లుగా ఎదురుచూస్తున్నాను. దాన్ని కూడా ఆమె చూశారా?"

"ఇంకా లేదు."

"అయితే ఆమెను కూర్చోమనండి. ఆమె ఏమంటే అది మార్చకుండా చెప్పండి. నా అభిప్రాయం తరువాత."

ఉదయశ్రీ అత్తగారి వైపు తిరిగి, ఆయన అన్నది అన్నట్టే చెప్పింది.

"ఇందరి ముందటనా? నాకు వాళ్ల బాస వస్తదా ఏంది?"

"మీ బాసలోనే చెప్పండి. నేనున్నా."

"మంచిగ లేకపోతె మంచిగ లేదంట మరి. తర్వాత నన్ననొద్దు."

"అనను."

సుభద్ర కొంగు సర్దుకుని వచ్చి తెర ముందు కూర్చుంది. ఇరవైరెండు తలలు ఒక్కసారే వంగాయి. ఆమె కంగారుగా రెండు చేతులూ జోడించింది. ఆ జోడించిన చేతులు విడివడేలోగా ఆమె ముఖం మారిపోయింది. తెల్లవారుజామున వరుసగా దిగిన క్యాన్ల ముందు నిలబడిన మనిషి ముఖమది.

మొరితా గారు తన నాలుగో బుడ్డి ఎత్తి చూపారు. పసుపు చుక్క. ఉదయశ్రీ పసుపు చుక్క బుడ్డిని తెచ్చి, మూత తీసి, అత్తగారి చేతికిచ్చింది. మూత తన అరచేతిలోనే ఉండిపోయింది.

సుభద్ర వాసన చూసింది. కళ్లు మూసుకుంది. మళ్లీ చూసింది. కనుబొమలు దగ్గరికి వచ్చాయి, విడిపోయాయి, మళ్లీ దగ్గరికి వచ్చాయి. గుమ్మంలోనుంచి సందీప్ ఒక అడుగు ముందుకు వేశాడు.

ఆమె కుడిచెయ్యి మాట లేకుండా బల్లమీద వెతికింది, గ్లాసు పక్కన, కాగితం పక్కన. అది చెడ్డదని బిగించే మూత కోసమా, మరి దేనికోసమా, ఉదయశ్రీకి తెలియలేదు. కావాలంటే ఆ అరచేతిని అట్లాగే మూసి ఉంచవచ్చు. నెట్‌వర్కు పోయిందనవచ్చు. నిన్నటిదాకా అయితే అనేదే.

ఉదయశ్రీ అరచేయి తెరిచి, మూతను అత్తగారి వేళ్లకు అందేచోట పెట్టింది.